కనుబొమలకు సెమీ పర్మనెంట్ టాటూ వేయించుకునే ముందు ఏమేం చూసుకోవాలి

మీకు ఏ ఫంక్షన్‌కి కావాలో ఆ తేదీ ముందు రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే చేతిలో కనీసం మూడు నెలలు ఉండాలి. సూదులతో కనుబొమల చర్మంలోకి రంగు దింపే ఈ పని ఒక్క పూటతో అయిపోదు. మొదటి సిట్టింగ్, అది మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ తర్వాత టచప్ (రంగు నిలవని చోట మళ్లీ నింపడం), టచప్ మానడానికి మళ్లీ నెల. ఇన్ని జరిగాకే అసలు రంగు, అసలు ఆకారం తెలుస్తాయి.

"పెళ్లి పదిహేను రోజుల్లో ఉంది, ఇప్పుడు చేయించుకోవచ్చా?" అని అడిగే పెళ్లికూతుళ్లకు నేను వద్దనే చెబుతాను. పదిహేనో రోజుకు కనుబొమలు పొలుసులు రాలి, రంగు సగం పోయినట్టు వెలవెలబోతూ ఉంటాయి. నలుగు, మంగళ స్నానం, మొహమంతా పసుపు, హోమం పొగ, గంటల తరబడి మేకప్, చెమట... మానుతున్న చర్మానికి ఇవేవీ పడవు. పెళ్లికి పెన్సిల్‌తో సరిపెట్టుకోండి. ఆ హడావిడి అయ్యాక తీరిగ్గా చేయించుకోవచ్చు.

పల్చబడటానికి కారణం కనుక్కోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఏళ్ల తరబడి సన్నగా థ్రెడింగ్ చేయించుకుని వెంట్రుకలు తిరిగి రాకపోతే అది వేరే సంగతి. ఈ మధ్య ఆర్నెల్లలోనో ఏడాదిలోనో పల్చబడ్డాయంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాతే పార్లర్‌కి.

థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లకు కనుబొమ బయటి చివర, చెవి వైపు ఉండే మూడో వంతు, పల్చబడొచ్చు. దాంతో పాటు అలసట, బరువు పెరగడం, జుట్టు ఊడటం ఉంటే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. నాణెమంత గుండ్రంగా ఒకచోట వెంట్రుకలు మాయమైతే అది పేనుకొరుకుడు కావచ్చు. అలాంటప్పుడు ముందు వైద్యం మొదలుపెట్టాలి. కొన్నిసార్లు వెంట్రుకలు వాటంతటవే తిరిగొస్తాయి కూడా. కనుబొమలు రాలిపోతూ ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలు కనిపిస్తే కుష్టు పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. భయపడాల్సిన పని లేదు, సిగ్గుపడాల్సింది అసలే లేదు. మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు ఉచితంగా ఇస్తారు. టాటూతో కప్పేసి ఊరుకుంటే నష్టపోయేది మీరే.

కీమోథెరపీకి ముందు కనుబొమలు వేయించుకుందామని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. జుట్టు పోతుందని తెలిసినా, అద్దంలో మన మొహం మనలాగే కనబడాలని ఉంటుంది. కానీ కీమో నడుస్తుండగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి, చిన్న గాటు కూడా ఇన్ఫెక్షన్‌కి దారి తీయొచ్చు. కీమో మొదలయ్యేలోపు పూర్తిగా మానేంత వ్యవధి ఉందో లేదో మీ క్యాన్సర్ డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు వద్దు, తర్వాత చూద్దాం అనాల్సినవాళ్లు

గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఆగండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడి ఆపేసినవాళ్లను సాధారణంగా ఆరు నెలలు ఆగమంటారు, గాయం మానే తీరులో తేడా వస్తుందని. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు రక్తం ఎక్కువ వచ్చి రంగు నిలవదు. అలాగని గుండెకు వేసుకునే ఆస్పిరిన్ లాంటివి మీ అంతట మీరు ఆపకండి. ఆ మాట చెప్పాల్సింది మందు రాసిన డాక్టరే, పార్లర్‌వాళ్లు కాదు. షుగర్ అదుపులో లేకపోతే అది అదుపులోకి వచ్చేదాకా వద్దు.

చెవి కుట్టిన చోటో, టీకా వేసిన చోటో, ఆపరేషన్ గాటు దగ్గరో చర్మం గడ్డలా లేచి ఉబ్బిపోయిందా? దాన్ని కెలాయిడ్ అంటారు. మనలాంటి రంగు చర్మాల్లో ఇది తెల్లవాళ్లలో కంటే ఎక్కువ. అలాంటి చరిత్ర మీకు ఉంటే కనుబొమల మీద సూదులతో ప్రయోగం వద్దనే నా సలహా. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు చర్మం గీరుకున్న చోట కొత్త మచ్చ పుట్టే గుణం ఉంటుంది. వీళ్లు స్కిన్ డాక్టర్‌ని అడగకుండా ముందుకెళ్లకూడదు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. మొహం తెల్లబడుతుందని మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి రాసుకునే క్రీములు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మం పల్చబడి, ఎర్రబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తుంటాయి. అలాంటి చర్మంలోకి రంగు దింపితే పాకిపోవచ్చు, గాయం సరిగ్గా మానకపోవచ్చు. మీరు రాసుకునే ట్యూబ్ పేరు దాచకుండా చెప్పండి. ఆ క్రీమ్‌ని ఎలా తగ్గించుకుంటూ మానేయాలో కూడా డాక్టర్‌నే అడగండి. ఒక్కసారిగా ఆపితే మొహం మండిపోతుంది.

మీ చర్మానికి ఏ పద్ధతి

మైక్రోబ్లేడింగ్ అంటే పెన్నులా పట్టుకునే చిన్న పనిముట్టు. దాని కొసన సన్న సూదులు వరుసగా ఉంటాయి. దాంతో వెంట్రుకలా కనిపించే గీతలు గీస్తూ ఆ గాట్లలోకి రంగు దింపుతారు. పౌడర్ బ్రౌస్ లేదా ఓంబ్రే అంటే మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా రంగు నింపడం. మానాక పెన్సిల్‌తో మెత్తగా షేడ్ చేసినట్టు ఉంటుంది. రెండూ కలిపి చేసేదాన్ని కాంబో అంటారు.

ఇన్‌స్టాలో చూసే వెంట్రుక గీతలకే అందరూ ముచ్చటపడతారు. అవి పొడి చర్మం మీద బాగా నిలుస్తాయి. జిడ్డు చర్మం మీద కొన్ని నెలలకే గీత గీతలో కలిసిపోయి బూడిద రంగు పట్టీలా కనబడే ప్రమాదం ఉంది. రాత్రి మొహం కడుక్కుని ఏమీ రాసుకోకుండా పడుకోండి. పొద్దున లేవగానే నుదుటికి, కనుబొమలకు టిష్యూ కాగితం అద్దండి. నూనె మరక స్పష్టంగా కనిపిస్తే మీకు పౌడర్ పద్ధతే నయం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ, ఉక్కపోత ఉండే మన ఊళ్లలో చాలామందికి నేను చెప్పేదీ అదే.

రంగు మామూలుగా ఒకటి నుంచి మూడేళ్లు ఉంటుంది. జిడ్డు చర్మానికి, ఎండలో తిరిగేవాళ్లకు తొందరగా వెలుస్తుంది. వెలిసినా పూర్తిగా పోతుందన్న గ్యారంటీ లేదు. లేత నీడ ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. "నచ్చకపోతే ఏడాదికి అదే పోతుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట మీద ఆధారపడి నిర్ణయం తీసుకోకండి.

చేసేవాళ్లను ఎంచుకోవడం

మీ సమయం అంతా ఇక్కడ పెట్టండి. వాళ్ల పేజీలో కనిపించే ఫోటోలు చాలావరకు పని అయిన పది నిమిషాల్లో తీసినవి. ఆ క్షణంలో ఎవరి పనైనా చక్కగానే ఉంటుంది. మీరు అడగాల్సినవి మానిన తర్వాత ఫోటోలు: ఆరు వారాలకు ఒకటి, ఏడాదికి ఒకటి. అవి కూడా మన రంగు చర్మాల మీద చేసినవి. ఏడాది కిందట చేసిన పని చూపించలేనివాళ్ల దగ్గర మీ మొహం పెట్టకండి. కొద్ది రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించిన పార్లర్లు చాలానే ఉన్నాయి. చేయి తిరగాలంటే ఆ రోజులు చాలవు. సూది లోతు ఈ పనికి ప్రాణం. మరీ పైపైన వేస్తే రంగు పొలుసులతో పాటే రాలిపోతుంది. లోతుకు పోతే నీలం తిరిగి, అలుక్కుపోయి, మచ్చ మిగులుతుంది.

తర్వాత శుభ్రత. సూది చర్మంలోకి పోతుంది, రక్తం వస్తుంది. కాబట్టి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అన్న మూడూ గుర్తుండాలి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి. దాని మీద ఎక్స్‌పైరీ తేదీ మీరే చదవండి. రంగును ఒక్కసారి వాడి పారేసే చిన్న కప్పులో పోయాలి. ఇంకొకరికి వాడగా మిగిలింది మీకు వాడకూడదు. పల్చన చేయడానికి కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు కలపకూడదు. అలా కలిపిన టాటూ రంగులతో నెలలపాటు మానని గడ్డలు లేచిన సందర్భాలు వైద్యులకు తెలుసు. గ్లవ్స్ వేసుకుని ఫోన్ ఎత్తి, అదే చేత్తో మళ్లీ పనిలోకి దిగితే ఆపమని చెప్పండి. మొహమాటం వద్దు. "ఇంటికే వచ్చి చేస్తాం, సగం ధరకే" అనే ఆఫర్లకు దూరంగా ఉండండి. సోఫాలో పడుకోబెట్టి చేసేంత చిన్న పని కాదిది.

రంగు సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్ ఉండాలి. ఆ లేబుల్‌ని ఫోటో తీసుకోండి. తర్వాత ఎలర్జీ వచ్చినా, లేజర్‌తో టాటూ తీయించాల్సి వచ్చినా డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఏ రంగు వాడారు అనే. ధర అడిగేటప్పుడు టచప్ అందులో కలిసే ఉందా, విడిగా కట్టాలా తేల్చుకోండి. బిల్లు తీసుకోండి.

ప్యాచ్ టెస్ట్ చేయమని మీరే అడగండి. చెవి వెనక చుక్కంత రంగు, మత్తు క్రీమ్ వేసి కనీసం రెండు రోజులు చూడాలి. జుట్టుకు నల్ల డై వేసినప్పుడో, గోరింటాకు పేరుతో అమ్మే నల్ల కోన్‌తోనో ఎప్పుడైనా దురద, బొబ్బలు వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఒక్క మాట: ప్యాచ్ టెస్ట్ బాగున్నా ఎలర్జీ నెలల తర్వాత రావడం అరుదుగా ఉంటుంది. టెస్ట్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీసేయదు.

ఆకారం, రంగు

మంచి పనివాళ్లు సూది పట్టుకునే ముందు చాలాసేపు కొలతలకే పెడతారు. సన్నని దారానికి నల్లటి పేస్టు పూసి, రెండు చేతులతో బిగించి పట్టుకుని నుదుటికి ఆనిస్తారు. దారం తీయగానే చర్మం మీద సన్నటి గీత పడుతుంది. ముక్కు మధ్య నుంచి నిలువుగా ఒకటి, రెండు కనుబొమల మొదళ్లకు, వంపులకు, కొసలకు ఇంకొన్ని. మొహం మీద గళ్లు గీసినట్టవుతుంది. ఆ గళ్ల మధ్య కనుబొమ గీసి, అద్దం మీ చేతికి ఇస్తారు.

ఆ అద్దం మీద తొందరపడకండి. పడుకుని కాదు, లేచి నిటారుగా కూర్చుని చూడండి. పడుకుంటే చర్మం వెనక్కి జారి ఆకారం మారుతుంది. నవ్వండి, కనుబొమలు ఎగరేయండి, మామూలుగా మాట్లాడండి. మనలో చాలామందికి ఒక కనుబొమ రెండోదానికంటే కాస్త ఎక్కువ లేస్తుంది. కదలకుండా ఉన్నప్పుడు సరిసమానంగా కొలిచి గీసింది మాట్లాడేటప్పుడు వంకరగా కనిపించొచ్చు. రింగ్ లైట్ కింద కాకుండా కిటికీ దగ్గరికి వెళ్లి చూడండి. వెనక కెమెరాతో ఫోటో తీయించి, మీ మొహం రోజూ చూసే అక్కకో అమ్మకో పంపి అడగండి. నచ్చకపోతే చెరిపి మళ్లీ గీయమనండి, ఎన్నిసార్లయినా సరే. విసుక్కునేవాళ్లయితే లేచి వచ్చేయండి. అడ్వాన్సు పోతే పోయింది.

ఆకారం మీ సొంత వెంట్రుకల దారిలోనే ఉండాలి. ఫ్యాషన్ మారుతుంది: 1990లలో దారమంత సన్నటి కనుబొమలు గొప్ప, ఆ తర్వాత ఒత్తుగా ఉన్నవి. ఈ ఏడాది ట్రెండ్‌ను మూడేళ్లు మొహం మీద మోయాల్సిన అవసరం లేదు.

"మన జుట్టు నలుపు కదా, నలుపే వేయండి" అని అడగడం మామూలే. వద్దు. కటిక నలుపు చర్మంలో కొంతకాలానికి నీలం, బూడిద వైపు తిరుగుతుంది. మన చర్మానికి ముదురు గోధుమ రంగు, కాఫీ రంగు ఛాయలు సహజంగా ఉంటాయి. ఐరన్ ఆక్సైడ్ రంగులు వెలిసేకొద్దీ ఎర్రగా, ఇటుక రంగుగా మారే అవకాశముంది. కార్బన్ ఎక్కువున్నవి బూడిదగా మారతాయి. మీ కోసం ఎంచిన రంగు ఏడాది తర్వాత ఏ వైపు తిరుగుతుందో చెప్పమని అడగండి. తడుముకోకుండా చెబితే వాళ్లకు పని తెలిసినట్టే.

ఇదంతా చదివాక కూడా ఊగిసలాట ఉంటే, అనుకున్న ఆకారాన్ని మూడు వారాలు రోజూ పొద్దున పెన్సిల్‌తో గీసుకుని ఆఫీసుకు, పెళ్లిళ్లకు వెళ్లండి. అప్పటికీ నచ్చుతుంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఆ రోజు

కడుపు నిండా తిని వెళ్లండి. ముందు రోజు మద్యం, ఆ పొద్దున కాఫీ మానేయండి. తలస్నానం చేసే వెళ్లండి, తర్వాత కొన్నాళ్లు కుదరదు. నెలసరి రోజుల్లో కొందరికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, వీలుంటే ఆ తేదీలు తప్పించండి. మొత్తం రెండు మూడు గంటలు పడుతుంది.

మత్తు క్రీమ్ రాసి అరగంట దాకా ఉంచుతారు. ఇందులో ఉండే మందు లిడోకైన్. క్రీమ్ పేరు, శాతం అడగండి. టాటూలకు ముందు రాసుకోమని అమ్ముతున్న కొన్ని క్రీముల్లో లిడోకైన్ ప్రమాదకరమైన మోతాదులో ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో హెచ్చరించింది. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మేవాటిలో 4 శాతం మించకూడదని వాళ్ల నియమం. ఎక్కువ మందు గాయపడ్డ చర్మంలోంచి రక్తంలోకి పోతే గుండె లయ తప్పడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. పేరు లేని డబ్బాలోంచి తీసి రాస్తుంటే ఒప్పుకోకండి. తల తిరిగినా, నాలుక, పెదాలు తిమ్మిరెక్కినా వెంటనే చెప్పి పని ఆపించండి.

గీరుతున్న చప్పుడు చెవికి దగ్గరగా వినిపిస్తుంది. నొప్పి కంటే ఆ చప్పుడే చాలామందికి టెన్షన్. రక్తం చుక్కలు చుక్కలుగా రావడం మామూలే. ధారగా కారుతుంటే సూది లోతుకు పోతున్నట్టు.

తర్వాతి రెండు వారాలు

మొదటి రెండు మూడు రోజులు కనుబొమలు మీరు అనుకున్నదానికంటే బాగా ముదురుగా, లావుగా కనిపిస్తాయి. కంగారు పడకండి. అయిదో రోజు ప్రాంతంలో పొలుసులు లేస్తాయి, దురద పెడుతుంది. గిల్లారో, పొలుసుతో పాటు రంగు ఊడి అక్కడ ఖాళీ మిగులుతుంది. రెండో వారం చివరికి రంగంతా పోయినట్టు, డబ్బులు వృథా అయినట్టు అనిపిస్తుంది. పైన కొత్త చర్మం మందంగా ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. నాలుగో వారానికి లోపలి రంగు మెల్లగా పైకి తేలుతుంది. అందుకే ఆరు వారాల లోపు టచప్‌కి తొందరపెట్టకండి.

పార్లర్‌లో ఇచ్చిన ఆయింట్‌మెంట్ బియ్యపు గింజంత చాలు. మందంగా పూస్తే గాలాడదు. పది రోజులు చెమట పట్టే వ్యాయామం, ఈత, ఆవిరి పట్టడం వద్దు. నడి వేసవిలో ఏసీ లేకుండా ఎండలో తిరిగే పని మీదైతే ఈ కార్యక్రమాన్ని చలికాలానికి పెట్టుకోవడం మంచిది. తలకు కొబ్బరినూనె పెట్టుకుంటే అది నుదుటి మీదికి దిగుతుంది కాబట్టి ఆ రెండు వారాలు ఆపండి. పసుపు, సున్నిపిండి, ఫేస్‌ప్యాక్‌లు కనుబొమల దగ్గరికి రానివ్వకండి. తలస్నానం తప్పనిసరైతే తల వెనక్కి వాల్చి, ఇంకొకరితో నీళ్లు పోయించుకోండి. హెల్మెట్ మానొద్దు. నుదుటి పట్టీ లోపల శుభ్రంగా తుడిచి, కనుబొమలకు రాసుకోకుండా పెట్టుకోండి. మానిన తర్వాత కూడా రెటినాల్ క్రీములు, గ్లైకోలిక్ లాంటి ఆసిడ్ క్రీములు కనుబొమల మీద పడితే రంగు త్వరగా వెలుస్తుంది.

మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చీము పట్టినా, ఎరుపు కంటి రెప్పల వైపు పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. కంటికి దగ్గరి ఇన్ఫెక్షన్‌తో ఆటలొద్దు. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబ్ తెచ్చి రాసుకోకండి. నెలల తర్వాత కనుబొమల వరుసలో గడ్డల్లా లేచినా స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

నచ్చకపోతే

బాగోలేదని చెప్పగానే "పైన స్కిన్ కలర్ వేసి కప్పేస్తాను" అనే మాట వినిపిస్తే ఒప్పుకోకండి. ఆ లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. తర్వాత లేజర్ తగిలితే అది నల్లబడే ప్రమాదముంది. లేజర్‌తో తీయించడానికి చాలా సిట్టింగులు పడతాయి, చాలామందికి వేయించుకున్నదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. మన రంగు చర్మాల్లో ఆ చోట తెల్లగానో నల్లగానో మచ్చ మిగలొచ్చు. చేయించుకుంటే రంగు చర్మాల మీద అనుభవమున్న డెర్మటాలజిస్ట్ దగ్గరే. ముందు చిన్న చోట పరీక్షించి చూడమనండి. ఉప్పు ద్రావణం (సెలైన్)తో తీసే పద్ధతి కూడా ఉంది, అదీ నెమ్మదే.

రక్తదానం చేసే అలవాటున్నవాళ్లు టాటూ తర్వాత ఏడాది ఆగాలి, మన దేశంలో నియమం అది. ఎప్పుడైనా ఎమ్మారై స్కాన్‌కి వెళ్తే కనుబొమల టాటూ ఉందని టెక్నీషియన్‌కి చెప్పండి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగుల వల్ల అరుదుగా ఆ చోట వేడి, మంట అనిపిస్తాయి. టాటూ ఉందని స్కాన్ మానేయాల్సిన పని లేదు. మంటగా ఉంటే వెంటనే బజర్ నొక్కండి, వాళ్లు ఆపుతారు.